చుక్క పెట్టిన స్వరాన్ని వయొలిన్ మీద ఎలా పలికించాలి?

ప్రశ్న: కృతుల వరకు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. కొంతకాలంగా హైదరాబాదులో ఒక పాశ్చాత్య స్ట్రింగ్ బృందంలో సెకండ్ వయొలిన్ వాయిస్తున్నాను. ఇప్పుడు మోట్సార్ట్ జి మేజర్ సెరెనేడ్‌లోని మొదటి భాగం సాధన చేస్తున్నాము. స్టకాటో చుక్కలు (స్వరాన్ని తెంపి పొట్టిగా వాయించమని చెప్పే గుర్తులు) వచ్చినప్పుడల్లా నా ధ్వని గీరుకుపోతున్నదని, పైగా నేను తాళం కంటే ముందుకు పోతున్నానని కండక్టర్‌గారు అంటున్నారు. పొట్టిగా వాయించమన్నారు కనుక పొట్టిగానే వాయిస్తున్నాను. లోపం ఎక్కడుంది? ఈ సాధన వల్ల నా కర్ణాటక కమాను చెడిపోతుందా?

సమాధానం:

నమస్కారం. మీరు చెప్పిన రెండు లోపాలకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. మీరు స్వరాన్ని కురచ చేయడం మీదనే మనసంతా పెట్టి, అది ఆగిన తరువాత మిగిలే ఖాళీని పట్టించుకోకుండా వదిలేస్తున్నారు. స్టకాటోలో వినబడే భాగం ఎంత ముఖ్యమో వినబడని భాగమూ అంతే ముఖ్యం. ఇన్నేళ్ల బోధనలో నేను చూసినంతవరకు, ఆ వినబడని భాగాన్ని లెక్కపెట్టి వాయించడం వచ్చిన విద్యార్థికి తక్కిన విద్య త్వరగానే పట్టుబడింది. అది రానివారికి ఎన్ని కమాను వరసలు నేర్పినా చుక్కలు కుదరలేదు. అందుచేత కమాను సంగతి కొంచెం ఆగి చెబుతాను, ముందు కాలం సంగతి చూద్దాము.

స్వరం తలకు పైన గాని కింద గాని పెట్టిన చుక్క ఆ స్వరం మోగే నిడివిని తగ్గిస్తుంది. తలకు కుడిపక్కన పెట్టిన చుక్క నిడివిని సగం పెంచుతుంది కాబట్టి రెండింటినీ కలపకూడదు. మీకు ఈ తేడా తెలిసే ఉంటుంది. అయితే చాలామంది గమనించని విషయం ఒకటుంది. పైచుక్క స్వరం ఆగే క్షణాన్ని మాత్రమే ముందుకు తెస్తుంది, తరువాతి స్వరం మొదలయ్యే క్షణాన్ని అంగుళం కూడా కదల్చదు. మెట్రోనోమ్, అంటే కాలం కొట్టే యంత్రం, నిమిషానికి 60 దెబ్బలు కొడుతున్నప్పుడు ఒక క్రాచెట్‌కు, అంటే ఒక దెబ్బ నిడివి గల స్వరానికి, ఒక సెకను దక్కుతుంది. దాని మీద చుక్క ఉంటే సుమారు అర సెకను ధ్వని, మిగిలిన అర సెకను నిశ్శబ్దం. రెండూ కలిపి మళ్లీ ఒక సెకనే. మీ చేయి ధ్వనిని సగానికి తగ్గించగానే మనసు కూడా ఆ స్వరం పని అయిపోయిందనుకుని తరువాతి స్వరానికి తయారైపోతున్నది. మీరు ముందుకు పోవడానికి కారణం అదే.

చుక్కలో బలం కూడా లేదు. ఒత్తి వాయించమని చెప్పడానికి పాశ్చాత్య లిపిలో వేరే గుర్తులు ఉన్నాయి. మీరు మాత్రం కురచతనాన్నీ ఒత్తిడినీ ఒకటిగా భావిస్తున్నట్టున్నారు. ఇది చాలా సాధారణంగా కనబడే పొరపాటు. బేథోవెన్ ఎనిమిదవ సింఫనీలోని రెండవ భాగం వినండి. చెక్క గాలివాద్యాలు మెల్లగా, తేలికగా, తెంపు తెంపుగా ఒకే రకమైన సెమీక్వేవర్‌లను (క్రాచెట్‌లో నాలుగవ వంతు నిడివి గల స్వరాలను) పలుకుతూ ఉంటాయి, వాటి మీద వయొలిన్ పాట నడుస్తుంది. ఆ స్వరాలలో ఒక్కటి కూడా దెబ్బలా తగలదు. మెట్రోనోమ్‌కు పేటెంటు తీసుకున్న మెల్ట్సెల్ యంత్రాన్ని అనుకరించడానికే బేథోవెన్ దానిని అలా రాశాడనే కథ ఒకటి చాలాకాలం ప్రచారంలో ఉంది; పరిశోధకులు ఇప్పుడు దానిని నమ్మడం లేదు. కథ ఎలా ఉన్నా, చిన్న ధ్వనితో, ఒత్తిడి లేకుండా, లెక్క తప్పకుండా తెంపు పలకడం ఎలాగో వినడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఇక సాధన. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇక్కడ ఒక గొప్ప సౌకర్యం ఉంది, దానిని వాడుకోకపోవడం అన్యాయం. చతురశ్ర గతిలో ఒక అక్షరాన్ని త–క–ధి–మి అని నాలుగు భాగాలు చేయడం మీకు చిన్ననాటి నుంచీ అలవాటు. మెట్రోనోమ్‌ను 60 దగ్గర పెట్టి, శంకరాభరణంలో సరళీ వరుసలు తీసుకుని, ఒక్కొక్క స్వరాన్ని ‘త–క’ అన్నంతసేపు మోగించి, ‘ధి–మి’ అన్నంతసేపు కమానును తంతి మీదనే ఆపి ఉంచండి. ‘ధి–మి’ని మనసులో అనుకోవడం చాలదు, మొదటి కొద్ది రోజులు నోటితో పలకండి. నిశ్శబ్దంలో మీ నోరు పనిచేస్తూ ఉంటే చేయి తొందరపడదు. అది నిలకడగా వచ్చిన తరువాత ‘త–క–ధి’ మోగించి ‘మి’ ఒక్కటే ఖాళీ ఉంచండి. ఆ తరువాత ‘త’ ఒక్కటే మోగించి మిగిలిన మూడూ ఖాళీ ఉంచండి. ఈ మూడూ సుమారుగా పాశ్చాత్య లిపిలోని మూడు గుర్తులకు సరిపోతాయి. పందొమ్మిదవ శతాబ్దపు బోధకులు కలుపుగీత కింద చుక్కలున్న స్వరాలకు ముప్పావు వంతు, ఉత్త చుక్కకు సగం, కోసుగా ఉండే మేకు గుర్తుకు పావు వంతు నిడివి అని లెక్క చెప్పేవారు. నిజమైన కచేరీలో ఎవరూ ఈ లెక్కను కొలబద్ద పట్టుకుని పాటించరు. అయినా ఈ మూడు నిడివులనూ అడిగినప్పుడు అడిగినట్టు ఇవ్వగల చేయి ఉంటేనే, వాటి మధ్యలో సంగీతానికి తగిన నిడివిని ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది.

సరళీ వరుసలతో విసుగు కలిగితే ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు పట్టుకోండి. అవి పాశ్చాత్య మెట్లకు శంకరాభరణ స్వరాలలో కూర్చిన రచనలు కనుక గమకాల ప్రమేయం ఉండదు. ‘శ్యామలే మీనాక్షి’ మెట్టు పిల్లలందరూ పాడే ‘ట్వింకిల్ ట్వింకిల్’ మెట్టే. జపాన్‌కు చెందిన సుజుకి తన పద్ధతిలో మొదటి పుస్తకాన్ని ఆ మెట్టు మీద కట్టిన లయభేదాలతోనే ప్రారంభించాడు; మొట్టమొదటి లయభేదంలోనే నాలుగు చిన్న స్వరాల తరువాత వచ్చే రెండు స్వరాల మీద చుక్కలు ఉంటాయి. పసిపిల్లవాడికి కమాను పట్టుకోవడం నేర్పే రోజులలోనే దానిని ఆపడం కూడా నేర్పాలన్న ఆయన ఆలోచన ఎంతో సరైనదని నేను నమ్ముతాను. మనం కమానును సాగించడం నేర్పినంత శ్రద్ధగా ఆపడం నేర్పము.

ఇప్పుడు గీరుకుపోవడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి కారణం తెలిస్తే సగం పని అయినట్టే. కమాను తంతిని లాగుతున్నప్పుడు తంతి కమాను వెంట్రుకలకు అంటుకుని కొంత దూరం వెళ్లి, జారి వెనక్కు వచ్చి, మళ్లీ అంటుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ పందొమ్మిదవ శతాబ్దంలోనే ఈ కదలికను పరిశీలించి వర్ణించాడు. వయొలిన్‌లోని ‘ఎ’ (A) తంతి సెకనుకు 440 కంపనాల దగ్గర శ్రుతి అయి ఉంటే ఈ అంటడం, జారడం సెకనుకు 440 సార్లు జరుగుతాయి. స్వచ్ఛమైన ధ్వనిలో ఒక్కొక్క ఆవృత్తికి ఒక్కసారే జారుతుంది. కమాను మొదలైన తొలి క్షణంలో ఆ క్రమం ఇంకా కుదరదు, ఆ క్షణమే మనకు గీరులాగా వినబడుతుంది. పొడుగు స్వరంలో ఆ తొలి గీరు చెవికి ఆనదు. కాని జి తంతి, అంటే సెకనుకు 196 సార్లు కంపించే తంతి మీద, నిమిషానికి 132 క్రాచెట్‌ల వేగంతో సెమీక్వేవర్‌లు వాయిస్తున్నారనుకోండి. ఒక్కొక్క స్వరానికి దక్కేది సెకనులో తొమ్మిదవ వంతు మాత్రమే; అంతలో ఆ తంతి కంపించేది ఇరవై రెండు సార్లు. వాటిలో మొదటి పది క్రమం తప్పినవైతే శ్రోత వినేది దాదాపు సగం గీరే. కాబట్టి స్వరం ఎంత కురచైతే దాని మొదలు అంత శుభ్రంగా ఉండాలి.

మొదలు శుభ్రంగా ఉండాలంటే కమాను కదలడానికి ముందే తంతిని పట్టుకోవాలి, కదిలిన మరుక్షణం ఆ పట్టును సడలించాలి. మార్టెలే అనే కమాను వరస ఈ విద్యను నేర్పడానికే ఉన్నదని నేను భావిస్తాను. కమానును తంతి మీద నిశ్శబ్దంగా ఉంచి, చూపుడువేలి బరువుతో తంతిని కొద్దిగా పట్టి, కమాను కర్రను అటూ ఇటూ ఆడించి చూస్తే తంతి వెంట్రుకలతోపాటు కదలడం చేతికి తెలుస్తుంది. ఆ పట్టు నుంచి కమానును ఒక్కసారిగా వేగంగా వదలాలి. వదిలిన క్షణంలోనే చూపుడువేలి బరువు పోవాలి. కమాను కొంత దూరం వేగంగా జరిగి, ఎవరూ పట్టి ఆపనట్టుగా, తనంతట తానే తంతి మీద నిలిచిపోవాలి. తరువాతి స్వరానికి కావలసిన పట్టును ఆ నిశ్శబ్దంలోనే సిద్ధం చేసుకోవాలి. చూశారా, నిశ్శబ్దంలో చేయడానికి ఎంత పని ఉందో! ఆ ఖాళీని మింగేసినవారికి పట్టు సిద్ధం చేసుకునే వ్యవధి ఉండదు కనుక, కమాను కదులుతుండగానే ఒత్తుతారు. వేగం లేని కమాను మీద ఒత్తిడి పెరిగితే ధ్వని నలిగి గీరుకుపోతుంది. తాళం పరుగు, గీరుడు ఒకే మూలం నుంచి వచ్చాయని మొదట అన్నది ఇందుకే.

స్వరం చివర కూడా గమనించండి. కురచ చేయాలన్న ఆత్రంతో చాలామంది కమానును ఆపడానికి చివరలో నొక్కుతారు. అప్పుడు ప్రతి స్వరం వెనుక ‘కిచ్’ అనే చిన్న శబ్దం చేరుతుంది. మీ కండక్టర్‌గారు అన్న గీరు మొదట్లో వస్తున్నదా చివర వస్తున్నదా అన్నది మీరే పరీక్షించుకోవాలి. ఫోనులో రికార్డు చేసుకుని, వేగం తగ్గించి వినండి. చివర వస్తున్నట్లయితే ఒత్తిడి ఇంకా చేతిలో మిగిలి ఉన్నదని అర్థం. కమాను కొనవైపున మార్టెలే సాధన చేస్తే ఇది త్వరగా తగ్గుతుంది, అక్కడ కర్ర బరువు సహజంగానే తక్కువ.

ఎడమచేతి విషయం చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్ణమవుతుంది. కర్ణాటక సంగీతం నుంచి వచ్చినవారికి అసలు చిక్కు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. మన పద్ధతిలో ఎడమచేయి స్వరాన్ని వెతుక్కుంటూ, జారుతూ, ఊగుతూ చేరుతుంది. ఆ చేరడంలోనే రాగం ఉంది. జంట స్వరాలలో రెండవ స్వరాన్ని కమాను తెంపుతో కాక వేలి స్ఫురితంతో, అంటే వేలితో స్వరాన్ని కొట్టి పలికించే గమకంతో, స్పష్టం చేస్తాము. ఒకే కమానులో ఎన్నో స్వరాలు నడుస్తాయి కాబట్టి, వేలు ఒక వెంట్రుకవాసి ముందు పడినా వెనుక పడినా వినేవారికి తెలియదు. విడిస్వరాలలో ఆ అవకాశం లేదు. కమాను కదలడానికి ముందే వేలు తన స్థానంలో గట్టిగా నిలిచి ఉండాలి. వేలు ఆలస్యమైతే స్వరం మొదట్లో వేరే స్వరం తునక ఒకటి వినబడుతుంది, శ్రోతకు అది కూడా గీరులాగానే తోస్తుంది. కాబట్టి త–క–ధి–మి సాధనలో ‘ధి’ అన్నప్పుడు కమాను ఆగి ఉండాలి, అప్పుడే తరువాతి వేలు తంతి మీద పడాలి. ‘మి’ అన్నప్పుడు ఏ చేయీ కదలకూడదు. తంతి మారవలసి వస్తే కమాను చేయి కొత్త తంతి ఎత్తుకు చేరవలసింది కూడా ఈ వ్యవధిలోనే. ఇది వినడానికి యాంత్రికంగా ఉన్నా, రెండు చేతుల పనులను విడదీసి చూపించే ఇటువంటి సాధన వల్ల వచ్చే లాభం పొడుగు స్వరాలలో కూడా కనబడుతుంది.

వాద్యం పట్టే తీరు వల్ల వచ్చే తేడా కూడా తలచుకోవాలి. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించినప్పుడు తంతులు కిందికి వాలి ఉంటాయి. భుజం మీద ఎత్తి పట్టినప్పుడు అవి ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉంటాయి, కమాను బరువు నేరుగా తంతి మీద పడుతుంది. మీరు కూర్చుని వాయించినప్పుడు చేతితో ఇచ్చిన ఒత్తిడిని, భుజం పద్ధతిలోనూ అలాగే ఇస్తూ ఉండవచ్చు. దానికి తోడు మన స–ప–స–ప శ్రుతిలో తంతులు సాధారణంగా తగ్గించి కట్టబడి, కాస్త వదులుగా ఉంటాయి. పాశ్చాత్య శ్రుతిలో అవే తంతులు బిగువుగా ఉండి కమానుకు త్వరగా పలుకుతాయి. అంటే ఇప్పుడు మీ చేతికి కావలసిన బరువు మీకు అలవాటైన దానికంటే తక్కువ. కచేరీలలో మైకు పెట్టుకుని వాయించే అలవాటున్నవారు దూరానికి వినబడే ధ్వని కోసం కమాను వేగాన్ని వాడడం మానేస్తారు. బృందంలో మైకు ఉండదు కాబట్టి ఒత్తిడికి బదులు వేగాన్ని నమ్ముకోవడం నేర్చుకోవాలి.

ఇంతవరకు చెప్పినది తంతిని విడవని కమాను గురించి. మీ బృందంలో వేరొక మాట, స్పిక్కాటో, తప్పకుండా విని ఉంటారు. అందులో కమాను తంతి మీద పడి లేస్తుంది. సుమారు 60 గ్రాముల బరువుండే కమానులో కర్రకూ వెంట్రుకలకూ సహజమైన స్ప్రింగు గుణం ఉంది. చేతిపట్టుకూ మధ్యభాగానికీ నడుమ, తూకం కుదిరే చోటికి దగ్గరలో దానిని పైనుంచి వదిలితే తనంతట తాను ఎగురుతుంది. చేయి చేయవలసిందల్లా ఆ ఎగురుడును అడ్డంగా నడిపించడమే. నిలువుగా కొట్టితే చప్పుడు వస్తుంది, స్వరం రాదు. వేగం మరీ పెరిగినప్పుడు, ఇందాక చెప్పిన 132 లెక్కలో సెమీక్వేవర్‌ల వంటివి వచ్చినప్పుడు, ఒక్కొక్క స్వరాన్నీ ఎత్తి దించే సమయమే ఉండదు. అక్కడ కమాను మధ్యభాగంలో చిన్న అడ్డకదలికతో వెంట్రుకలు తంతిని దాదాపు వదలకుండానే కర్ర ఊగుతుంది, దానిని సోతియే అంటారు. మెండెల్సోన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ స్కెర్ట్సో వంటి చోట్ల ఇది తప్పనిసరి. కలుపుగీత కింద ఒకే దిశ కమానులో వరుసగా వచ్చే తెంపు స్వరాలు మరొక విద్య. వయొలిన్ సాధన కోసం క్రెయిట్సర్ రాసిన ఎటూడ్‌లలో (అభ్యాస రచనలలో) నాలుగవది దాని కోసమే ఉంది. కాని మార్టెలే శుభ్రంగా రానిదే వీటి జోలికి వెళ్లవద్దని నా సలహా. తంతి మీద స్వరాన్ని మొదలుపెట్టడం రానివారు గాలిలో నుంచి మొదలుపెట్టలేరు. ఇంకొక మాట: విడివిడి కమానులతో, మధ్యలో ఖాళీ లేకుండా వాయించే వరసను డెటాషే అంటారు; దానిని స్టకాటో అనుకుని మీ పక్కవారు కురచగా వాయిస్తుంటే వారిని అనుసరించకండి.

తంతి మీద ఆపాలా, ఎత్తి వదలాలా అన్నది అభిరుచికి సంబంధించిన పెద్ద ప్రశ్న. ఆగిన కమాను తంతి కంపనాన్ని అక్కడికక్కడ అణిచేస్తుంది. ఎత్తిన కమాను వెనుక తంతి, వయొలిన్ పెట్టె రెండూ కొంతసేపు మోగుతూనే ఉంటాయి, గుడిగంటను కొట్టి చేయి తీసేసినట్టు. మొదటిది ఖండితంగా, రెండవది గుండ్రంగా వినబడుతుంది. మోట్సార్ట్‌లో నాకు రెండవదే ఎక్కువ నచ్చుతుంది.

ఆ నచ్చడానికి చరిత్రలో కొంత ఆధారం ఉంది. మోట్సార్ట్ ఈ సెరెనేడ్‌ను 1787 ఆగస్టు 10న వియన్నాలో ముగించాడు. ఇప్పుడు మనం వాడే లోపలికి వంగిన కమాను పారిస్‌లో ఫ్రాంస్వా తూర్త్ చేతిలో రూపు దిద్దుకుంటున్న కాలం అది. అంతకు ముందరి కమానులు తేలికగా ఉండి, స్వరం మొదలులోనూ చివరలోనూ సహజంగానే కొంచెం సన్నగిల్లేవి, కాబట్టి స్వరాల మధ్య చిన్న ఊపిరి దానంతట అదే వచ్చేది. ఆనాటి బోధకులు కూడా ప్రత్యేకమైన గుర్తు లేని స్వరాన్ని పూర్తిగా సాగదీయాలని అనుకోలేదు. క్వాంట్స్ 1752లో ప్రకటించిన వేణువు గ్రంథంలో గీత గుర్తున్న స్వరాలు తమ విలువలో సగం మోగాలన్నాడు. మరుసటి ఏడు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్ బాఖ్ కీబోర్డు వాద్యాల గురించి రాస్తూ, తెంపు స్వరాలను సగం కంటే కొంచెం తక్కువగా పట్టి ఉంచాలన్నాడు; కలపమని గాని తెంచమని గాని గుర్తు లేని మామూలు స్వరాలకు కూడా సగం విలువే చెప్పాడు. పూర్తిగా కలిపి వాయించడమే మామూలు అలవాటు కావడం పియానో కాలంలో జరిగిన మార్పు. 1801లో పియానో బోధకుడు క్లెమెంతి దానిని స్పష్టంగా సమర్థించాడు. అందుచేత మోట్సార్ట్ పుటలో చుక్క లేని క్వేవర్‌లు (క్రాచెట్‌లో సగం నిడివి గల స్వరాలు) కూడా ఒకదానికొకటి అతుక్కుని ఉండనక్కరలేదు, చుక్క ఉన్నవి సూదిమొనలుగా ఉండనక్కరలేదు. ఆయన చేతివ్రాతలో చుక్కలూ చిన్న నిలువుగీతలూ రెండూ కనిపిస్తాయి. వాటి మధ్య ఆయన నిజంగా అర్థభేదం ఉద్దేశించాడా అన్న విషయంలో పండితులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. కనుక ఒక ముద్రణలో మేకు, మరొక ముద్రణలో చుక్క కనబడితే కంగారుపడవద్దు.

మీరు వాయిస్తున్న భాగం మొదటి రెండు బార్లనే (మన తాళావర్తం లాంటి భాగాలనే) చూడండి. మన స్వరాలలో చెప్పాలంటే, స – – ప, స – – ప, ఆ తరువాత స ప స గ, ప. మొదటి బారులో స క్రాచెట్, తరువాత క్వేవర్ విరామం, తరువాత కిందిస్థాయి ప క్వేవర్. అక్కడ నిశ్శబ్దాన్ని మోట్సార్ట్ స్వయంగా రాసి ఇచ్చాడు. ఆ విరామాన్ని బృందమంతా ఒకేసారి మౌనంగా పాటిస్తేనే ఆ ఆరంభానికి ఠీవి వస్తుంది. ఒక్కరి కమాను అందులోకి జారినా హాలంతా వినబడుతుంది. రెండవ బారులో వరుసగా వచ్చే నాలుగు క్వేవర్‌ల మధ్య విరామం రాసి లేదు, కాని అక్కడ కూడా చిన్న ఊపిరి కావాలి, లేకపోతే మొదటి బారులోని స్పష్టత రెండవ బారులో కరిగిపోతుంది. మీరు త–క–ధి–మి లెక్కలో నేర్చుకున్న మూడు నిడివుల ప్రయోజనం ఇటువంటి చోట తెలుస్తుంది: ఈ నాలుగు స్వరాలకు సగం కంటే ఎక్కువ, ముప్పావుకు దగ్గరగా నిడివి ఇచ్చి చూడండి. ఇది ఫోర్టే, అంటే గట్టిగా వాయించవలసిన చోటు కాబట్టి కమానుకు వేగం కావాలి, కురచతనం కాదు.

చివరి నిర్ణయం గది చేతిలో కూడా ఉంటుంది. సంగీతం కోసమే కట్టిన పెద్ద హాళ్లలో ధ్వని పూర్తిగా అణగడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది, రాతి చర్చిలలో అంతకంటే చాలా ఎక్కువ. అటువంటి చోట ఖాళీని గోడలే నింపేస్తాయి కాబట్టి స్వరాన్ని ఇంకా కురచ చేయవలసి రావచ్చు. తివాచీలు, పరదాలు ఉన్న సాధన గదిలో అదే నిడివి ఎండిపోయినట్టు వినబడుతుంది. మీరు ఇంట్లో చిన్న గదిలో సాధన చేసిన నిడివినే వేదిక మీదకు తీసుకువెళ్తే సరిపడదు. సెకండ్ వయొలిన్‌లో కూర్చున్నవారు ఈ నిర్ణయాన్ని సొంతంగా తీసుకోరు. మీ వరస నాయకుడి కమాను ఎక్కడ ఆగుతున్నదో, తంతి మీద ఆగుతున్నదో లేస్తున్నదో కంటితో చూసి దానితో కలవాలి. స్వరం మొదలులో అందరూ కలవడం ఎంత ముఖ్యమో, ముగింపులో అందరూ కలవడం అంతకంటే కష్టం, అంతకంటే ముఖ్యం.

ఇక మీ భయం గురించి. కర్ణాటక కమాను చెడిపోదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్నంలో యూరోపియను గురువు దగ్గర పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని, ఆ తరువాతనే దానిని మన సంగీతంలోకి తెచ్చాడు. ఈ వాద్యం మనకు వచ్చిన దారే అది. తెంపు అనేది మన సంగీతానికి పరాయిది కూడా కాదు. వీణ మీద మీటు, నాదస్వరంలో నాలుకతో ఊదును తెంచి పలికించే తుత్తుకారం, కల్పనస్వరాలలో మృదంగంతో కలిసి చివర కొట్టే ముక్తాయింపులు, ఇవన్నీ స్వరానికి అంచు ఇచ్చే విద్యలే. అయితే ఒక జాగ్రత్త అవసరం. రెండు సాధనలనూ ఒకే కూర్చోవడంలో కలపకండి. ముందు రాగాలాపనతో కర్ణాటక సాధన ముగించి, వాద్యం శ్రుతి మార్చి, భుజం మీదకు ఎత్తుకుని, కొంత విరామం తరువాత విడిస్వరాలు మొదలుపెట్టండి. వీలైతే రెండు వయొలిన్‌లు ఉంచుకోండి, మాటిమాటికీ శ్రుతి మార్చడం తంతులకు మంచిది కాదు. ఆలాపనలో మాత్రం స్టకాటో చేతిని రానివ్వకండి. తోడిలో గాంధారం ఆగి ఆగి పలికితే తోడి మిగలదు.

వచ్చే రిహార్సల్‌కు ముందు మీరు చేయవలసింది చెబుతాను. సెరెనేడ్ మొదటి రెండు బార్లను 60 దగ్గర, క్వేవర్‌కు ఒక దెబ్బ చొప్పున, కమాను తంతిని విడవకుండా వాయించండి. విరామాలలో ‘ధి–మి’ నోటితో పలకండి, వేలు ‘ధి’ దగ్గర పడుతున్నదో లేదో చూసుకోండి. రికార్డు చేసి, స్వరాల మొదళ్లను ఒకసారి, చివరలను మరొకసారి వేరువేరుగా వినండి. రెండూ శుభ్రపడిన తరువాత వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయి, బృందం వేగానికి చేరిన తరువాతనే కమానును తంతి మీద నుంచి ఎత్తడం మొదలుపెట్టండి. అప్పటికీ గీరు పోకపోతే, రికార్డింగులో అది స్వరం మొదట్లో ఉందో చివర ఉందో, ఏ తంతి మీద ఎక్కువగా ఉందో గమనించి రాయండి, ఆ తంతికి తగిన సాధన చెబుతాను.